శయ్యావ్రణములు

2020, 2021 సంవత్సరములందు కోవిడు మహమ్మారి మన దేశమును చుట్టుముట్టిన దినములలో ఏ యింట విన్నను ఊపిరితిత్తుల ప్రసంగమే, ఏ నోట విన్నను ప్రాణవాయువు మాటయే. వ్రేలికి తగిలించి చూచు చిన్న యంత్రమున 94 అంకె కనబడినదా, 90 కనబడినదా యని రాత్రులు మేల్కాంచి లెక్కలు చూచుకొనని యిల్లు లేదు. రొమ్మును గూర్చి యింత తలపోసిన మనము వీపును గూర్చి తలపోయలేదు. గండము గడచి యింటికి మరలి వచ్చిన పెద్దలు కొందఱు నడుము క్రింది యెముకపై అరచేయి పట్టునంత పుండుతో వచ్చిరి. జ్వరము పోయిన పిమ్మట నెలల తరబడి వారిని బాధించినది యా పుండే. దానిని గూర్చి మేమెఱిగిన సంగతులను ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

మా వారి యుపాధ్యాయవృత్తి కారణమున మేము దేవరకొండ, కల్వకుర్తి ప్రాంతములందు చాల సంవత్సరములు కాపురముండినవారము. ఒకటి నల్లగొండ సీమ, వేఱొకటి పాలమూరు సీమ. 2020 ఏప్రిల్ నెలలో సూర్యాపేట కూరగాయల బజారు చుట్టును వ్యాధి యొక్కమాఱుగా ప్రబలినది మొదలు, 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ యుద్ధృతి పల్లెలలోనికి దిగినంతవఱకును ఈ రెండు సీమల రోగులు కొందఱు తమ జిల్లా దవాఖానాలలోను, పలువురు హైదరాబాదు, సికింద్రాబాదులలోను చికిత్స పొందిరి. సికింద్రాబాదులోని గాంధీ దవాఖానా 2020లో ఈ వ్యాధిగ్రస్తులకే కేటాయింపబడెను. అంటువ్యాధి గనుక కోవిడు వార్డులలోనికి ఇంటివారిని సాధారణముగా రానిచ్చెడివారు కారు. తల్లికి దాపున కూతురు లేదు, అత్తకు దాపున కోడలు లేదు. మామూలు దినములలో మన దవాఖానాలయందు రోగిని ప్రక్కకు త్రిప్పునది, వీపు తుడుచునది, చీర మార్చునది ఇంటినుండి వెంట వచ్చిన స్త్రీయే గదా! ఆమెను వాకిట నిలిపివేయగా ఆ పని యంతయు నర్సులపై బడెను. వారో, తల మొదలు కాలివఱకు కవచము వంటి దుస్తులు తొడిగికొని, చెమటలు గ్రక్కుచు, ఒకరే పెక్కుమంది రోగులను చూచుకొనవలసినవారైరి.

ఈ పుండును మన యిండ్లలో పడకపుండు అందురు. దవాఖానాలలో బెడ్ సోర్ అందురు. శాస్త్రగ్రంథములలో శయ్యావ్రణ మని వ్యవహారము. అమెరికాదేశమున నీ విషయమై ప్రమాణములు నిర్ణయించు వైద్యమండలి 2016లో 'పుండు' అను మాటను విడిచి 'ఒత్తిడి గాయము' అని పిలువవలెనని నిశ్చయించినది. ఇది వట్టి పేరు మార్పు కాదు. చర్మము చిట్లకముందే, తడి కనబడకముందే, లోపలి కండకు దెబ్బ తగిలియుండునని యా పేరు తెలుపుచున్నది.

దెబ్బ యెట్లు తగులునో చూడుడు. మీ గోటిని ఒక నిమిషము నొక్కి పట్టినచో క్రింది రంగు తెల్లబడును. వదలగానే మరల రక్తము వచ్చి యెఱ్ఱబడును. మంచముపై కదలలేక పడియున్న మనుష్యుని శరీరభారమంతయు ఇట్లే కొన్ని యెముకలపై నిలిచి, ఆ యెముకకును పఱుపునకును నడుమ నున్న కండను నొక్కిపట్టును. సన్నని రక్తనాళములు మూసికొనిపోవును. ఆహారము, ప్రాణవాయువు అందక ఆ కండ చచ్చును. ఆరోగ్యవంతులకు నిద్రలో సయితము ఒత్తిడి తెలిసి, తమకు తెలియకుండనే ప్రక్కకు తిరుగుదురు. మత్తులో నున్నవారికి, పక్షవాతము వచ్చినవారికి, నీరసించినవారికి ఆ తెలివి గాని, ఆ బలము గాని యుండదు. ఒత్తిడికి తోడు ఈడ్పు ఒకటి కలదు. తలవైపు ఎత్తు చేసి పండబెట్టినప్పుడు శరీరము మెల్లగా క్రిందికి జాఱును. చర్మము పఱుపును పట్టుకొని యుండగా లోపలి యెముక జాఱిపోవుటచేత నడుమనున్న నాళములు సాగి తెగును. ఇక చెమట, మూత్రము తగిలి నానిన చర్మము తడిసిన కాగితము వంటిది.

భీష్మాచార్యులవారు అంపశయ్యపై 58 రాత్రులు శయనించిరని భారతము చెప్పుచున్నది. తల వ్రేలాడుచుండగా అర్జునుడు మూడు బాణములతో తలగడ యమర్చినాడట. స్వచ్ఛందమరణ వరము గలవారు గనుక ఆయనకు చెల్లినది. మన యింటి పెద్దలకు మెత్తని పఱుపుమీదనే యైనను కదలక కొన్ని గంటలు పడియున్నచో చాలును, దెబ్బ తగులుటకు.

అన్ని రోగములందును ఈ భయము కలదు గాని, కోవిడునందు మఱింత యెక్కువగా కలదనుటకు కారణములున్నవి. మొదటిది, రక్తమున ప్రాణవాయువు తగ్గియుండుట. ఒత్తిడి లేని చోటనే కండకు చాలీచాలని వాయువు అందుచుండగా, ఒత్తిడి గల చోటి గతి చెప్పనేల? రెండవది, ఈ వ్యాధి రక్తమును గడ్డకట్టించు స్వభావము గలది. చర్మపు సన్ననాళములు సయితము మూసికొనిపోయినట్లు వైద్యులు కనుగొనిరి. మూడవది, రక్తపుపోటు పడిపోయినప్పుడు నిలబెట్టుటకిచ్చు మందులు చేతులు, కాళ్లు, చర్మము మొదలగు వానినుండి రక్తమును లోనికి మరల్చి గుండెను, మెదడును కాపాడును. చర్మము ఆ మేరకు ఎండిపోవును. వీనికి తోడు 2020 జూన్ నెలలో ఇంగ్లండునుండి వెలువడిన పరిశోధనచే, ప్రాణవాయువు పెట్టవలసినంత జబ్బుపడిన రోగుల ప్రాణములను డెక్సామెథసోన్ అను మందు కాపాడునని తెలిసి, దానిని విరివిగా వాడిరి. మంచి మందే. కాని యది రక్తమున చక్కెరను పెంచును. చక్కెర పెరిగినచో పుండు మానదని మనమందఱ మెఱుగుదుము.

అన్నిటికంటె విచిత్రమైన కారణము, ప్రాణము నిలుపుటకై చేసిన పనియే గాయమును కలిగించుట. ఊపిరితిత్తులు చెడినప్పుడు రోగిని బోర్ల పండబెట్టినచో వెనుకభాగపు తిత్తులు విచ్చుకొని గాలి బాగుగా ఆడును. ఇది కోవిడుతో పుట్టిన యుపాయము కాదు. 2013లో ఫ్రాన్సు వైద్యులు, తీవ్రముగా ఊపిరితిత్తులు దెబ్బతిని వెంటిలేటరుపై నున్న 466 మందిపై చేసిన పరిశోధనను ప్రకటించిరి. రోజునకు 16 గంటలకు తక్కువగాక బోర్ల పండబెట్టినవారిలో 28 దినములలో మరణించినవారు నూటికి 16 మంది, వెల్లకిల నుంచినవారిలో దాదాపు 33 మంది. సగమునకు సగము ప్రాణములు దక్కినవి! ఆ రోగులలోనే పడకపుండ్లను లెక్కించి చూడగా, ఏడవ దినమునకు బోర్ల పండుకొన్నవారిలో నూటికి 57 మందికి, వెల్లకిల వారిలో 42 మందికి పైగా పుండ్లు కనబడెను. వెల్లకిల పండుకొన్నవారికి నడుమునను, మడమలపైనను వచ్చు పుండు, బోర్ల పండుకొన్నవారికి గడ్డముపైనను, చెక్కిళ్లపైనను, నొసటను, రొమ్మునను, మోకాళ్లపైనను వచ్చినది. కోవిడు నుండి బ్రదికి బయటపడినవారు కొందఱు చెక్కిలిపై మచ్చలతో ఇంటికి వచ్చుటకు కారణమిదియే. ఆ మచ్చను చూచి యెవ్వరైనను కొట్టిరేమో యని యనుమానించినవారిని మేమెఱుగుదుము. వెంటిలేటరు గొట్టములతో నున్న మనుష్యుని ఒక్కమాఱు బోర్ల త్రిప్పుటకు నలుగురైదుగురు కావలెను. ఒకరు తలను, గొట్టమును పట్టుకొనవలెను, తక్కినవారు ప్రక్కలను పట్టుకొనవలెను. ముఖమునకు బిగించిన మాస్కు ముక్కుదూలముపైనను, ప్రాణవాయువు గొట్టము చెవుల వెనుకను ఒరసికొని చేసిన గాయములు వేఱు. పాపము, పగలెల్ల బిగుతు మాస్కులు ధరించిన నర్సుల ముక్కులపై సయితము అట్టి గాయములే లేచినవి.

2021 ఏప్రిల్ నెలలో దవాఖానాలలో మంచములు దొరకని స్థితి యేర్పడినప్పుడు, వ్రేలి యంత్రమున 94కు లోపల చూపుచున్నవారు ఇంటియందే బోర్ల పండుకొనవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖవారు ఒక సూచనాపత్రము ప్రకటించిరి. మెడ క్రింద నొక దిండు, రొమ్ము మొదలు తొడలవఱకు ఒకటి రెండు, ముంగాళ్ల క్రింద రెండు, ఈ రీతిని అమర్చుకొని, అరగంట మొదలు రెండు గంటలవఱకు ఒక్కొక్క భంగిమ చొప్పున మార్చుకొనుచుండవలెననియు, భోజనమైన గంటవఱకు పండుకొనరాదనియు, గర్భిణులును, గుండెజబ్బు గలవారును, తొడ యెముక, కటి యెముక విఱిగినవారును మానవలెననియు అందుండెను. అడుగున, ఎముకలు పొడుచుకొని వచ్చు చోట్ల ఒత్తిడి పుండ్లు లేచునేమో కనిపెట్టుచుండవలె నను వాక్యముకూడ నుండినది. దిండ్ల బొమ్మ యూరూర తిరిగెను. ఆ వాక్యము తిరుగలేదు.

మన సీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి చెప్పవలసియున్నది. నల్లగొండ జిల్లా మఱ్ఱిగూడెము, మునుగోడు ప్రాంతములందు భూగర్భజలముననున్న ఫ్లోరైడు తరతరముల యెముకలను బిగదీసికొనిపోయినది. ఆ నీటినుండి ఫ్లోరైడును పటిక, సున్నములతో తీయు ఉపాయమును నాగపూరు శాస్త్రజ్ఞులు కనిపెట్టి దానికి 'నల్లగొండ పద్ధతి' యని పేరు పెట్టినారనిన, మా జిల్లాకు ఎట్టి కీర్తి దక్కినదో గ్రహింపుడు. ఇటీవల నదీజలములు కొళాయిలలో వచ్చుచున్నను, చిన్ననాడు ఆ బావినీరు త్రాగి వెన్నెముక కొయ్యబారినవారు, నడుము వంగినవారు నేటికిని ఆ యూళ్లలో కలరు. వంగిన వెన్ను గలవారు బోర్ల పండుకొనలేరు. వెల్లకిల పండుకొన్నను వెన్నుగూని యెముక పఱుపునకు గ్రుచ్చుకొనును. మోకాళ్లు చాపలేనివారికి మడమలపై బరువంతయు నిలుచును. ఇట్టివారిని త్రిప్పునప్పుడు కీలును బలవంతముగా చాపింపక, ఆ వంకర కెట్లు ఒదిగిన నట్లే దిండ్లు, మడిచిన బొంతలు సందులలో నింపి ఆధారము కల్పింపవలెను.

పాలమూరు చిక్కు వేఱు. అక్కడి పల్లెలలో కొడుకులు, కోడండ్రు ముంబాయి, పూనాలకు కూలిపనులకు పోగా ముసలివారొంటిగా నిలిచియుందురు. 2020 మార్చిలో రాకపోకలు నిలిచిపోయినప్పుడు వచ్చినవారు వచ్చిరి, రాలేనివారు అక్కడనే చిక్కిరి. మఱుచటి యేడు మరల వలస పోయిరి. త్రిప్పవలసిన చేతులు మైళ్ల దూరమున నుండినవి.

మేమెఱిగిన యొక యింటి సంగతి చెప్పెదము. 68 ఏండ్ల అత్తగారు 2021 మే నెలలో పట్టణమునందొక దవాఖానాలో 19 దినములుండి, ప్రాణముతో ఇంటికి వచ్చిరి. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. మూడవనాడు స్నానము చేయించునప్పుడు, “బిడ్డా, నడుము కాడ మంట పెడుతున్నది, జర చూడు” అని యామె యనగా, కోడలు చీర తొలగించి చూచి కొయ్యబారిపోయినది. రూపాయబిళ్ల కంటె పెద్దదిగా చర్మము నల్లబడి, నడుమ మెత్తబడి, అంచున తడి యూరుచుండెను. ఇరుగుపొరుగులలో కొందఱు దేవర దోష మనిరి. కొందఱు, “కోడలు సరిగ జూస్తే పుండెందుకయితది?” అని చెవులు కొఱుకుకొనిరి. ఆ పిల్ల దవాఖానా వాకిటిలో 19 దినములు చెట్టుక్రింద పండుకొన్నదని వారికి తెలియకపోలేదు.

ఈ నింద క్రొత్తది కాదు. పడకపుండు సాధారణముగా రోగముయొక్క దోషము కాదు, శుశ్రూషయొక్క దోషమని ఫ్లారెన్సు నైటింగేలమ్మ 1859 ప్రాంతమున వ్రాసినది. అదే శతాబ్దమున ఫ్రాన్సులో షార్కో అను గొప్ప వైద్యుడు, నరములు చెడినచో పుండు రాక తప్పదనియు, శుశ్రూషచే ఆగదనియు చెప్పెను. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ దవాఖానాలో వెన్నెముకలు విఱిగిన సైనికులను చేర్చుకొన్న లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు రాత్రింబవళ్లు రెండేసి గంటల కొకమాఱు రోగులను త్రిప్పించి, రాక తప్పదన్న పుండ్లను రాకుండ చేసి చూపించెను. మా యభిప్రాయములో నైటింగేలమ్మ మాట ముప్పాతికవంతు నిజము. రక్తపుపోటు పడిపోయి, త్రిప్పిన తక్షణము ఊపిరి ఆగిపోవునట్టి రోగికి ఎంతటి నర్సు కావలి యున్నను పుండు రావచ్చునని నేటి వైద్యులును ఒప్పుకొనుచున్నారు. మిగిలిన చోట్ల నాపగలము. కాని శుశ్రూష అనునది ఒక్క మనిషి పనియని యనుకొనుటయందే తప్పున్నది. రెండు గంటల కొకమాఱనగా రోజునకు 12 మాఱులు. ఒక్క కోడలు వంట వండి, పిల్లలను చూచి, పసులను చూచి, రాత్రి మూడుమాఱులు లేచి, ఒంటిచేతితో అత్తగారి బరువెత్తగలదా? పైన చెప్పిన యింటిలో ఏమి చేసిరనిన, బడి చదువుచున్న మనుమరాలు గోడపై సుద్దముక్కతో 'ఎడమ, కుడి, వెల్లకిల' అని గడులు గీసి, త్రిప్పిన వేళనెల్ల గుర్తు పెట్టెను. పగలు ప్రక్కింటి యాడుబిడ్డ, రాత్రి మొదటిజాము మామగారు, తెల్లవాఱుజామున కోడలు వంతు లేర్పఱచుకొనిరి. మామగారు మొదట, “ఇది ఆడోళ్ల పని” అని గొణిగినను, వారమునకెల్ల దిండు పెట్టుటలో అందఱికంటె నేర్పరియైరి. గ్రామపు ఎ.ఎన్.ఎం. వచ్చి కట్టు కట్టుచుండెను. పుండు మానుటకు నాలుగు నెలలు పట్టెను.

ఇక చూచుట యెట్లో చెప్పెదము. పుస్తకములందు తొలిదశ గుర్తు 'ఎఱుపు' అని యుండును. ఎఱ్ఱబడిన చోట వ్రేలితో నొక్కి వదలినప్పుడు తెల్లబడక ఎఱుపే నిలిచియున్నచో గాయము మొదలైనదని యర్థము. అది తెల్లదొరల చర్మమునకు చెప్పిన మాట. ఎండలో పనిచేసిన మన చామనచాయ, నల్లని చర్మముపై ఎఱుపు కనబడదు, తెల్లబడుటయు కనబడదు. అందుచేతనే నల్లనివారి గాయము ముదిరినదాక పట్టుబడదు. మనవారికి చూడవలసినవి వేఱు: చుట్టుప్రక్కల చర్మముకంటె ఆ చోటు మఱింత నల్లగానో, నేరేడు రంగుగానో మాఱినదా? చేతివెనుక భాగముతో తాకినప్పుడు ప్రక్కకంటె వేడిగా నున్నదా, చల్లగా నున్నదా? గట్టిగా బిగిసినదా, లేక ముగ్గిన పండువలె మెత్తగా నున్నదా? రోగికి నొప్పి తెలియుచున్నదా? దీపపు వెలుతురున గాక, కిటికీ యొద్ద పగటి వెలుతురున దినమున కొకమాఱైన చూడవలెను. నడుము క్రింది యెముక, పిరుదుల యెముకలు, తుంటులు, మడమలు, చీలమండలు, మోచేతులు, భుజముల వెనుక పలకలు, తల వెనుకభాగము, చెవులు, ఇవన్నియు చూడవలెను. సిగ్గుచేత అత్తగారి నడుము కోడలును, మామగారి నడుము ఇతరులును చూడకుండుట మన యిండ్లలో పుండు ముదురుటకు పెద్ద కారణము. మామగారిని కొడుకు చూడవచ్చును గదా.

ఈ గాయమునకు నాలుగు దశలు చెప్పుదురు. మొదటిది, చర్మము చిట్లక రంగు మాఱుట. రెండవది, పైపొర లేచి పొక్కు గాని, పచ్చిపుండు గాని అగుట. మూడవది, క్రింది క్రొవ్వు కనబడుట. నాలుగవది, కండయో, నరమో, ఎముకయో బయటపడుట. నల్లని యట్ట కప్పియున్నచో లోతెంతయో తెలియదు. ఒక్కొక్కప్పుడు పైచర్మము బాగుగనే యుండి లోపల యెముక ప్రక్కన కండ కుళ్లుచుండును. నేరేడు రంగు దాని గుర్తు. మొదటి దశలో త్రిప్పుటయే చాలును, నాలుగవ దశలో శస్త్రవైద్యుడు కావలెను. అంత తేడా!

పఱుపు సంగతి. మన సీమలో ముసలివారికి నులకమంచ మన్న ప్రీతి. గాలి యాడును, వేసవిలో చల్లగా నుండును, నిజమే. కాని కదలలేనివారికి అది తగదు. నడుమ ఊయలవలె దిగి నడుము, పిరుదులపై బరువంతయు చేర్చును. సన్నని బొంతలోనుండి నులకముడులు గ్రుచ్చుకొనును. ప్రక్కకు త్రిప్పినను మరల మధ్యకే దొర్లుదురు. చదునైన మంచముపై నాలుగైదు అంగుళముల మందపు ఫోము పఱుపు మేలు. రోగి పండుకొన్న తరువాత పఱుపు క్రింద అరచేయి పెట్టి నడుము చోట చూడుడు. ఎముక చేతికి తగులుచున్నచో ఆ పఱుపు పనికిరాదు. మోటారుతో గాలి నిండుచు, తగ్గుచు నుండు గాలిపఱుపులు పట్టణములందు అద్దెకు దొరకును. మంచివే. అయినను కరెంటు పోయినప్పుడు చప్పబడును గనుక మోటారు చప్పుడు వినబడుచున్నదా యని గమనింపవలెను. గాలిపఱుపున్నది గదా యని త్రిప్పుట మానరాదు. నడుమ రంధ్రముగల చక్రపు దిండును మాత్రము వాడకుడు. రంధ్రముచుట్టు ఒత్తిడి కలిగి నడుమ చర్మమునకు రక్తము రాకుండ చేయును.

త్రిప్పుటలో మెలకువలు. పూర్తిగా ప్రక్కకు పండబెట్టినచో బరువంతయు తుంటియెముకపై నిలుచును. వీపు వెనుక ఒక దిండు వాల్చి, వెల్లకిలకును ప్రక్కకును నడుమ, కొంచెమే ఒఱగినట్లుంచవలెను. మోకాళ్ల నడుమ నొక దిండు. పిక్కల క్రింద నొక దిండు పెట్టి మడమలు పఱుపునకు తాకక గాలిలో తేలునట్లు చేయవలెను. క్రింద ఒక మడత దుప్పటి పఱచియుంచి, ఇద్దఱు చెఱియొకవైపు పట్టుకొని దానితో నెత్తి జరుపవలెను గాని చంకలు పట్టి ఈడ్వరాదు. ఈడ్చుటలోనే తోలు రేగును. తలవైపు బహు ఎత్తు చేయరాదు. అన్నము తినునప్పుడును, తిన్న గంటవఱకును చేయవచ్చును. ఆయాసము గలవారు ఎత్తు లేక ఊపిరి తీయలేమందురు. అట్టివారికి ఎత్తు చేయక తప్పదు. అప్పుడు మోకాళ్ల క్రింద ముందుగా దిండు పెట్టినచో జాఱరు. కుర్చీలో కూర్చున్నవారు పావుగంటకో, అరగంటకో ఒకమాఱు చేతులూని లేచి బరువు మార్చుకొనవలెను. బోర్ల పండుకొన్నవారికి ముఖము కుడికి, ఎడమకు మార్చుచుండవలెను. స్తనములు నలిగిపోకుండ దిండ్లు సర్దవలెను. ప్రాణవాయువు గొట్టము చెవి వెనుక ఒరయు చోట మెత్తని గుడ్డ పెట్టవలెను.

పక్కలో నున్న చిన్న వస్తువులు చేయు కీడు చెప్పనలవి కాదు. మొలత్రాడు, చీర ముడి, లంగా బొందు, నడుమున దోపిన తాళపుచెవుల గుత్తి, రొట్టెముక్కలు, దుప్పటి మడత, ఇవన్నియు రాత్రి తెల్లవాఱునప్పటికి చర్మమున అచ్చు పడును. ఒకామె తన తాళపుచెవులను జబ్బులోను విడువలేదు! ఆమె తుంటిపై చెవి ఆకారమే యుండెను.

చర్మమును గోరువెచ్చని నీటితో మెత్తగా కడిగి, రుద్దక అద్ది తడి తీసి, మూత్రము తగులు చోట పలుచగా కొబ్బరినూనె గాని, వాసెలీను గాని పూయుడు. రంగు మాఱిన యెముకపై నూనె పోసి గట్టిగా మర్దన చేయుట మనకు అలవాటు. అది మానవలెను. నలిగిన నాళములు మఱింత తెగును. పౌడరు చల్లినచో చెమటతో ఉండకట్టి ఒరయును. తెగిన పుండుపై పసుపు, బూడిద, ఆకుపసరు, పండ్లపొడి వేయుట ఇప్పటికిని కలదు. మన పెద్దలు చెప్పిన వైద్య మని కొందఱు వాదింతురు. సుశ్రుతాచార్యులు వ్రణములకు 60 ఉపక్రమములు చెప్పినారు. శోధనము, రోపణము, కట్టు, పథ్యము, అన్నిటికిని క్రమము కలదు. వంటింటి డబ్బాలోని పసుపు చల్లినంతమాత్రమున సుశ్రుతు ననుసరించినట్లు కాదు. స్పిరిటు, నురుగు మందు పోయుటయు మంచిది కాదు, క్రొత్తగా లేచు కండను అవి చంపును. సెలైనుతో గాని, కాచి చల్లార్చిన నీటితో గాని కడిగి, నర్సు చెప్పిన కట్టు కట్టవలెను. పుండు కొంచెము చెమ్మగా నుండి, చుట్టుప్రక్కల చర్మము పొడిగా నుండినప్పుడే త్వరగా మానును. ఎండబెట్టినచో మానునను మాట పాతది. మడమపై పొడిగా బిగిసిన నల్లని యట్టను గిల్లి తీయకుడు.

ఆహారము. పుండు గలవారికి శరీరపు బరువులో కిలో ఒక్కంటికి రోజునకు ఒకటింబావు మొదలు ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు కావలెను. 50 కిలోల స్త్రీకి 62 మొదలు 75 గ్రాములు. జ్వరపడి లేచినవారికి మన యిండ్లలో గంజి, చారన్నము పెట్టి పథ్యమందురు. దానిలో ఆ పదార్థము ఏపాటి? కోడిగ్రుడ్డు ఒకదానిలో 6 గ్రాములుండును. గ్రుడ్డు తినువారికి రెండు పెట్టుడు. తిననివారికి గట్టి కందిపప్పు, పెసరపప్పు, పెరుగు, పాలు, పాలమూరు పొలములందు పండు పల్లికాయలు నానబెట్టి నూఱినవి, జొన్నగట్కలో కలిపి కొంచెము కొంచెముగా పలుమాఱు పెట్టవలెను. మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుని యడిగి తినవలెను. చక్కెర జబ్బు గలవారికి చక్కెర కొలత చూపింపవలెను.

జ్వరము మరల వచ్చినను, పుండు దుర్వాసన వేసినను, చీము పట్టినను, చుట్టును వేడి ప్రాకినను, రోగి తడబడి మాటలాడినను, ఎముక కనబడినను ఇంటివైద్యము చాలించి దవాఖానాకు తీసికొనిపోవలెను. ఆ విషము ఎముకకు గాని, రక్తమునకు గాని ఎక్కినచో కోవిడు విడిచిన ప్రాణమును ఇది తీసికొనిపోవును. తెలంగాణమున కొన్ని జిల్లాలలో ఉపశమన చికిత్సా కేంద్రము లేర్పడి, 'ఆలన' యను వాహనమున నర్సులు మంచము పట్టినవారి యిండ్లకే వచ్చి కట్లు కట్టుచున్నారు. మీ యూరి ఆశా కార్యకర్త నడిగిన జిల్లా దవాఖానాలో అట్టిది కలదో లేదో తెలిసికొని చెప్పగలదు.

కోవిడు అత్యవసరస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించినది. పక్షవాతము, తుంటి విఱుగుట, విషజ్వరము మాత్రము ముగియలేదు, ఇకముందును మన యిండ్లలో మంచము పట్టువారుందురు. ఏ జబ్బుతో నైనను దవాఖానానుండి మనిషిని ఇంటికి పంపునప్పుడు, మందుల చీటి చేతికి తీసికొనక పూర్వమే, నర్సమ్మను ప్రక్కన నిలుపుకొని, రోగిని ఒకమాఱు ప్రక్కకు త్రిప్పించి నడుము, మడమలు చూడుడు. పుండున్నచో ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏ దశ, ఏ కట్టు, ఎన్నాళ్ల కొకమాఱు మార్చవలెను అని యడిగి చీటిపైననే వ్రాయించుకొనుడు. త్రిప్పునప్పుడు దిండు ఎక్కడ పెట్టుచున్నారో మీరు చూచి, మీతో వచ్చిన మగవారినికూడ దగ్గఱకు పిలిచి చూపుడు.